పార్టు కొనే ముందు

వాషింగ్ మెషిన్ ఆగిపోతే మన ఇళ్ళలో మొదట వినబడే మాట "మోటారు పోయినట్టుంది". ఎక్కువసార్లు ఆ మాట అనేది అందులో ఒక్కనాడు కూడా బట్టలు వేయని మనిషే. మోటారు అంత తేలిగ్గా పోదు. దాని పక్కనున్న కండెన్సర్ పోతుంది, బెల్టు తెగుతుంది, టైమర్ లోపల కాంటాక్టు మాడుతుంది, ఎలుక తీగ కొరుకుతుంది. ఇవన్నీ వందల్లో తేలే ఖర్చులు. మోటారు అనుకున్న మరుక్షణం లెక్క వేలల్లోకి వెళ్తుంది. వేలు అన్నాక "ఇంకాస్త వేస్తే కొత్తదే వస్తుందిగా" అన్న మాట వస్తుంది. ఆ సాయంత్రమే షోరూముకి ప్రయాణం.

పార్టు మార్చడం పెద్ద విద్యేమీ కాదు. స్క్రూలు విప్పడం, తీగలు పీకడం, కొత్తది పెట్టడం, మళ్ళీ బిగించడం. ఏ పార్టు పోయిందో తేల్చడమే అసలు పని, దానికి స్క్రూడ్రైవర్ కన్నా ఓపిక ఎక్కువ కావాలి. ఓపిక లేనివాళ్ళు గుడ్డెద్దు చేలో పడ్డట్టు వరసగా పార్టులు మారుస్తూ పోతారు: ముందు కండెన్సర్, తర్వాత టైమర్, ఆ తర్వాత బోర్డు. చివరికి ఏది మార్చడం వల్ల బాగైందో వాళ్ళకే తెలియదు. ఖర్చు మాత్రం అన్నిటికీ అవుతుంది.

మన విజయవాడలో ఈ పనికి భయపడడం ఒక వింత. ఊరికి ఆ చివర ఆటోనగర్‌లో బడి సగంలో మానేసిన కుర్రాళ్ళు లారీ ఇంజన్ని ముక్కలుగా విప్పి, సాయంత్రానికల్లా మళ్ళీ కూర్చి స్టార్ట్ చేస్తారు. ఈ చివర భవానీపురంలో డిగ్రీలు చదివినవాళ్ళం నాలుగు స్క్రూల వెనక మూత తీయడానికి జంకుతాం. వాళ్ళకున్నదీ మనకు లేనిదీ తెలివి కాదు, విప్పింది మళ్ళీ బిగించగలమన్న నమ్మకం. ఆ నమ్మకం పుస్తకం చదివితే రాదు, ఒక్కసారి విప్పి బిగిస్తే వస్తుంది. ఈ అధ్యాయంలో నేను చేయగలిగింది ఆ ఒక్కసారిలో మీకు కరెంటు కొట్టకుండా, డబ్బు వృథా కాకుండా చూడడమే.

మొదటి పని మెషిన్ దగ్గర లేదు, దాన్ని రోజూ వాడే మనిషి దగ్గర ఉంది. అమ్మో, భార్యో, పనికొచ్చే అక్కో, ఎవరైతే వాళ్ళను కూర్చోబెట్టి అడగండి. ఎప్పటినుంచి తేడాగా ఉంది? ఆగే ముందు చప్పుడు మారిందా? వాసన వచ్చిందా? నీళ్ళు నిలుస్తున్నాయా, కారిపోతున్నాయా? డ్రయ్యర్ తిరుగుతూ ఆగిందా, అసలు మొదలే కాలేదా? "వారం నుంచి చేత్తో కాస్త తిప్పి వదిలితే తిరిగేదండీ" అన్న ఒక్క మాట వినబడితే సగం రోగం తేలిపోయినట్టే, అది దాదాపుగా కండెన్సరే. ఈ సంగతి వాళ్ళు వారం క్రితమే చెప్పి ఉంటారు. మనమే వినిపించుకోం.

ఇక సెమీ ఆటోమేటిక్ సంగతి, కాస్త తీరిగ్గా. సొంతంగా రిపేరు నేర్చుకోవడానికి దీనికి మించిన యంత్రం లేదు. లోపల కంప్యూటరు లేదు. ఉతికే టబ్బుకి ఒక మోటారు, డ్రయ్యర్‌కి ఒక మోటారు, రెండిటికీ చెరో టైమర్, రెండిటికీ కలిపి ఒక కండెన్సర్, ఒక బెల్టు, ఒక డ్రెయిన్ వాల్వు, డ్రయ్యర్ మూతకి ఒక స్విచ్చు, ఒక బ్రేకు. ప్రతిదీ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది.

ఉతికే వైపు తిరగడం లేదనుకోండి. ప్లగ్గు పీకండి. స్విచ్చు ఆపడం కాదు, ప్లగ్గు పీకి వైరు మీ కళ్ళ ముందు పెట్టుకోండి. ఇప్పుడు టబ్బు అడుగున ఉండే పల్సేటర్‌ని చేత్తో తిప్పి చూడండి. గట్టిగా పట్టేసినట్టుంటే దాని కింద పిన్నీసో, చిన్నపిల్లల సాక్సో ఇరుక్కుని ఉండొచ్చు. మధ్య బోల్టు విప్పి పైకి లాగితే తెలిసిపోతుంది. అక్కడేమీ లేకపోతే గేర్‌బాక్సు తుప్పు పట్టిందని అర్థం. తేలిగ్గా తిరిగితే మళ్ళీ ప్లగ్గు పెట్టి, చేతులు దూరంగా ఉంచి, చెవి పెట్టండి. మోటారు హాయిగా తిరుగుతున్న చప్పుడు వస్తూ పల్సేటర్ మాత్రం కదలకపోతే బెల్టు తెగింది, లేదా జారింది. 'గుమ్‌మ్‌' అని మూలుగుతూ ఏదీ తిరగకపోతే కండెన్సర్ బలహీనపడింది. అలా మూలుగుతున్న మోటారుని ఎక్కువసేపు వదలకండి, వైండింగ్ వేడెక్కి అప్పుడు నిజంగానే మోటారు పోతుంది. అసలు చప్పుడే లేకపోతే ముందు ఆ ప్లగ్‌పాయింటులో ఇంకో వస్తువు పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. తర్వాత టైమర్, తర్వాత తీగలు.

ఒకవైపే తిరిగి రెండోవైపు తిరగకపోతే? చాలామంది ఇక్కడ కూడా కండెన్సర్నే తిడతారు. కానీ ఉతికే మోటారు రెండువైపులా తిరగడానికి కారణం టైమర్. కాసేపు ఒక వైండింగ్‌కి, కాసేపు రెండో వైండింగ్‌కి కరెంటు నేరుగా ఇస్తూ, మిగిలినదానికి కండెన్సర్ ద్వారా పంపిస్తుంది. కండెన్సర్ పోతే రెండువైపులా మూలగాలి. ఒకవైపు బాగా తిరుగుతోందంటే కండెన్సర్ బాగానే ఉంది, టైమర్‌లో ఒక కాంటాక్టు మాడింది, లేదా దాని నుంచి వచ్చే ఒక తీగ ఊడింది. ఇంతే తర్కం. కొత్త టైమర్ కొనే ముందు ఆ ఊడిన తీగ కోసం వెతకడమే ఓపిక అంటే.

కండెన్సర్ మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. ప్లగ్గు పీకినా దానిలో కరెంటు నిలవ ఉండొచ్చు. మామూలుగా మోటారు వైండింగ్ గుండా ఖాళీ అయిపోతుంది కానీ ఎక్కడో తీగ తెగితే ఆ దారి మూసుకుపోతుంది. మన మెకానిక్కులు స్క్రూడ్రైవర్‌తో రెండు కొసలూ కలిపి టప్ మనిపిస్తారు, మీరు ఆ పని చేయకండి. పాత కాలపు ఫిలమెంటు బల్బు హోల్డర్‌కి రెండు తీగలు కట్టి వాటిని కొసలకి తాకిస్తే నెమ్మదిగా ఖాళీ అవుతుంది. ఇక రెండోది దాని మీద రాసిన అంకెలు. 10+5 అని ఉంటే ఉతికే మోటారుకి 10 మైక్రోఫారడ్‌లు, డ్రయ్యర్‌కి 5 అని. పక్కన 440 వోల్టులు అని ఉంటుంది. వోల్టులు అంతే ఉన్నా, ఎక్కువున్నా పర్వాలేదు, తగ్గకూడదు. మైక్రోఫారడ్‌లు మాత్రం అంతే ఉండాలి. "పన్నెండుంది సార్, ఇంకా జోరుగా తిరుగుతుంది" అని కొట్టువాడు చెబితే నవ్వి ఊరుకోండి. కెపాసిటెన్సు కొలిచే మల్టీమీటరు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. 10 అని రాసినది 9కి దిగువ చూపిస్తే మార్చేయొచ్చు.

ఏ తీగ పీకే ముందైనా ఫోన్‌తో ఫొటో తీయండి. ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి. తీగల రంగులకి కంపెనీలన్నిటికీ ఒకే పద్ధతి లేదు, ఒకరి నీలం ఇంకొకరి పసుపు. వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు కూడా ఫొటో తీసుకోండి. కొట్టుకి వెళ్ళేటప్పుడు పాత పార్టు సంచిలో వేసుకుని వెళ్ళండి. బెల్టు అయితే దాని మీద నంబరు చెరిగిపోయి ఉంటుంది కాబట్టి పాతది తప్పనిసరి. టైమర్ అయితే కాడ పొడవు, తీగల సంఖ్య, ఎన్ని నిమిషాలది, మూడూ కలవాలి. 'కంపెనీది', 'లోకల్' అని రెండు రకాలు చూపిస్తారు. బెల్టు, డ్రెయిన్ పైపు లాంటివి మంచి లోకల్ అయినా నడుస్తాయి. డ్రయ్యర్ కింద ఉండే బెలో, అంటే నీటిని ఆపే రబ్బరు సీలు మాత్రం అసలుదే తీసుకోండి. అది చిల్లుపడితే నీళ్ళు సరాసరి కిందున్న మోటారు మీద కారతాయి. వందో రెండొందలో మిగిల్చుకోబోయి నిజంగానే మోటారు పోగొట్టుకునే దారి ఇదొక్కటే.

డ్రయ్యర్ తిరగకపోతే మూత స్విచ్చు, బ్రేకు, ఆ వరసలో చూడండి. మూత మూసినప్పుడు 'టిక్' మనాలి. బ్రేకు తీగ సాగిపోతే మూత మూసినా బ్రేకు వదలదు, మోటారు మూలుగుతుంది. ఆ మూలుగు విని మళ్ళీ కండెన్సర్ కొనేవాళ్ళున్నారు! టబ్బులో నీళ్ళు నిలవకపోతే డ్రెయిన్ వాల్వులో దారాలో చొక్కా గుండీలో అడ్డం పడ్డాయేమో చూడండి. ఎక్కువసార్లు అంతే ఉంటుంది.

ఫుల్లీ ఆటోమేటిక్ దగ్గరికొస్తే, చాలా 'రిపేర్లు' యంత్రానివి కావు, ఇంటివి. పై అంతస్తులో ఉంటారా? మీ ట్యాంకు నెత్తిమీదే ఉంటుంది. నీళ్ళు లోపలికి రావాలంటే చాలా మెషిన్లకు కనీసం 0.3 బార్ పీడనం కావాలి, అంటే ట్యాంకులో నీటిమట్టం మెషిన్ కొళాయికి సుమారు 3 మీటర్ల పైన ఉండాలి. ట్యాంకు డాబా మీద నేల మట్టానికే పెట్టిన ఇళ్ళలో అంత రాదు. మెషిన్ నీళ్ళకోసం ఎదురుచూసి చూసి ఎర్రర్ చూపిస్తుంది. కింది వాటాలో అదే మెషిన్ బంగారంలా నడుస్తుంది. ఇక్కడ ఇన్‌లెట్ వాల్వు మార్చి ప్రయోజనం లేదు, ట్యాంకుకి దిమ్మె కట్టించాలి లేదా చిన్న ప్రెషర్ పంపు పెట్టాలి.

అలాగే బాల్కనీ. మన దగ్గర మెషిన్ పెట్టేది ఉతుకుడు గట్టు ఉన్న వెనక బాల్కనీలోనే, అక్కడ నేల తూము వైపు వాలుగా ఉంటుంది. పెట్టిన రోజు కాళ్ళు సరిచేసినా కొన్నాళ్ళకి అదురుకి సడలిపోతాయి. డ్రమ్ము డబడబా కొట్టుకుంటే సస్పెన్షన్ రాడ్లు మార్చే ముందు మెషిన్ మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి ఏ వైపు వాలిందో చూడండి. ఇంకొకటి: మీది ఫ్రంట్ లోడ్ అయి, ఈమధ్యే ఇల్లు మారి ఉంటే, దారిలో డ్రమ్ము కదలకుండా వెనక బిగించే ట్రాన్సిట్ బోల్టులు తీశారా అని చూసుకోండి. వాటితో తిప్పితే ఇల్లంతా అదురుతుంది. అవి లేకుండా ఆటోలో వేసి తెచ్చి ఉంటే డ్రమ్ము మోసే స్ప్రింగులు, షాకబ్జార్బర్లు దెబ్బతిని ఉండొచ్చు.

నీళ్ళు సన్నగా వస్తున్నాయంటే ఇన్‌లెట్ పైపు విప్పి, వెనకున్న చిన్న జాలీని ప్లయర్‌తో లాగి తీయండి. పక్కనే విద్యాధరపురంలో హెడ్ వాటర్ వర్క్స్ ఉన్నా, కృష్ణ నీళ్ళు వదిలే వేళలకి ట్యాంకు నిండక బోరు కలుపుకునే అపార్టుమెంట్లు మన దగ్గర తక్కువేం కాదు. ఆ బోరు నీటి సున్నం ఈ జాలీ మీద తెల్లగా పేరుకుంటుంది. నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో గంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే సరి. అప్పటికీ రాకపోతే ప్లగ్గు పీకి వాల్వు కాయిల్‌కి మీటరు పెట్టండి. సాధారణంగా 3,500 నుంచి 5,000 ఓముల మధ్య చూపిస్తుంది. అసలు ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది, వాల్వు మార్చాలి. రెండు స్క్రూలు, రెండు క్లిప్పులు, అంతే పని. ఫ్రంట్ లోడ్‌లో నీళ్ళు బయటికి పోకపోతే కింద మూలనున్న చిన్న తలుపు తెరవండి, ముందు పళ్ళెం పెట్టుకుని. ఫిల్టర్‌లోంచి రూపాయి బిళ్ళలు, జడపిన్నులు రాలితే ఆశ్చర్యపోకండి.

ఇప్పుడు వరద. భవానీపురంలో మెషిన్ రిపేరు గురించి రాస్తూ 2024 సెప్టెంబరుని దాటి వెళ్ళలేను. బుడమేరు వాగు గట్లు తెగి, ఆ నెల ఒకటో తేదీ నుంచి నగరంలో చాలా భాగం మునిగింది. సింగ్‌నగర్ పేరు దేశమంతా తెలిసింది కానీ ఇటువైపు ఊర్మిళానగర్, జోజినగర్, కబేళా ప్రాంతాల్లోనూ ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. నీళ్ళు తీశాక ఫైరింజన్లతో ఇళ్ళూ వీధులూ కడిగారు. గ్రౌండ్‌ఫ్లోర్ మునిగిన ఇంటికి ప్రభుత్వం 25 వేలు, పై అంతస్తులవాళ్ళకి 10 వేలు ప్రకటించింది. ఫ్రిజ్, మంచం, పిల్లల పుస్తకాలు అన్నీ ఆ 25 వేలలోనే చూసుకోవాల్సిన ఇంట్లో వాషింగ్ మెషిన్ బతుకుతుందా లేదా అన్నది చిన్న ప్రశ్న కాదు.

మునిగిన మెషిన్‌కి మొట్టమొదటి శత్రువు "ఓసారి వేసి చూద్దాం" అన్న తొందర. మోటారు ఉండేది అడుగున, మోకాలి లోతు నీళ్ళకే అది పూర్తిగా మునుగుతుంది. తడి ఆరకముందు స్విచ్చు వేస్తే బతకాల్సిన వైండింగ్ కూడా మాడుతుంది, మనిషికీ ప్రమాదమే. ప్లగ్గు పెట్టకుండా వెనక మూత తీసి, బురద ఎండకముందే మంచినీళ్ళతో కడగండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ తడిసిన మోటారుని మళ్ళీ కడగడమే సరైన పని. ఎండిపోయిన బురద లోపలే ఉండిపోతే, వాతావరణంలో తేమ పెరిగినప్పుడల్లా చెమ్మ పీల్చి కరెంటుకి దారి ఇస్తుంది. అది మురుగు కలిసిన నీరు కాబట్టి చేతికి గ్లౌజులు, టబ్బుకి బ్లీచింగ్ తప్పవు. తర్వాత ఫ్యాను గాలికి రోజుల తరబడి ఆరనివ్వాలి.

ఆరిందో లేదో మామూలు మల్టీమీటరు చెప్పలేదు, దాని బ్యాటరీ వోల్టేజికి లీకేజి బయటపడదు. 500 వోల్టుల మెగ్గర్, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటరు కావాలి. అది మీ ఇంట్లో ఉండదు, కానీ డెల్టాలో మోటారు వైండింగ్ షాపు లేని సెంటరు ఉండదు. పొలం మోటార్లు, సబ్‌మెర్సిబుల్‌లు చుట్టేవాళ్ళకి వాషింగ్ మెషిన్ మోటారు ఆటబొమ్మ. నాలుగు బోల్టులు విప్పి, మోటారు ఒక్కటే సంచిలో పట్టుకెళ్ళండి. వైండింగ్‌కీ బాడీకీ మధ్య కనీసం ఒక మెగా ఓమ్ ఉంటే ఆశ ఉన్నట్టు, ఎంత ఎక్కువుంటే అంత మంచిది. తక్కువ చూపిస్తే వాళ్ళే వేడి పెట్టి ఆరబెట్టి, వార్నిష్ పోసి ఇస్తారు, లేదా తిరిగి చుడతారు. కండెన్సర్, టైమర్లు మునిగి ఉంటే వాటి గురించి ఆలోచించక్కర్లేదు, మార్చేయండి. ఈ లెక్కన మునిగిన సెమీ ఆటోమేటిక్‌ని తక్కువ ఖర్చుతోనే నిలబెట్టుకోవచ్చు. ఫుల్లీ ఆటోమేటిక్‌లో కంట్రోల్ బోర్డు దాకా నీళ్ళొచ్చాయా, రాలేదా అన్నదాని మీద తీర్పు ఉంటుంది. బోర్డు మునిగి, కనెక్టర్లు పచ్చగా చిలుముపడితే ఆ ఖర్చు పెట్టొద్దనే నా సలహా.

ఇక్కడే హద్దు మాట కూడా చెప్పేస్తాను. ఫ్రంట్ లోడ్ డ్రమ్ము బేరింగు మీరు మార్చకండి. మెషిన్ మొత్తం విప్పాలి. పైగా కొన్ని మోడళ్ళలో టబ్బు రెండు భాగాలూ అతికించేసి ఉంటాయి, బేరింగు పోతే టబ్బే మార్చాలి. ఇన్వర్టర్ మోటారున్న మెషిన్ బోర్డు జోలికీ పోకండి, అందులో 320 వోల్టుల దాకా డీసీ ప్లగ్గు పీకాక కూడా కాసేపు ఉంటుంది. వారంటీలో ఉన్న మెషిన్‌ని అసలు తెరవొద్దు. మోటారుకి పదేళ్ళ వారంటీ అని పెద్దక్షరాల్లో రాసినచోట చిన్నక్షరాలు చదవండి, ఆ పదేళ్ళు మోటారుకే గానీ మిగతా పార్టులకీ, మనిషి వచ్చి వెళ్ళిన ఖర్చుకీ వర్తించకపోవచ్చు.

పార్టు దొరకడం లేదని, మోడల్ పాతదైపోయిందని చెప్పి కొత్తది కొనిపించే అలవాటు మీద ప్రపంచమంతా కోపం ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి వాషింగ్ మెషిన్ తయారుచేసేవాళ్ళు ఆ మోడల్ అమ్మకం ఆపాక కూడా కనీసం పదేళ్ళు ముఖ్యమైన పార్టులు అందుబాటులో ఉంచాలి. మన దగ్గర ఇంకా అంత గట్టి నిబంధన రాలేదు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీ వేసి, ఆ డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది. కంపెనీల మాన్యువళ్ళు, సర్వీసు వివరాలు అక్కడ వెతకొచ్చు. సర్వీసు సెంటరు తిప్పించుకుంటుంటే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. ఫోన్ చేసే ముందు మోడల్ నంబరు, బిల్లు, మీరు తీసిన ఫొటోలు దగ్గర పెట్టుకోండి.

పార్టు మార్చారు, ఇక వెనక మూత బిగించాలి. బిగించే ముందే లోపలివైపు మార్కర్‌తో ఏ పార్టు మార్చారో, తేదీతో సహా రాయండి. అడుగు తెరిచి ఉంటే ఇనప జాలీ కొట్టండి. నేలమట్టపు వాటాల్లో ఎలుక కొరికిన తీగలే చాలా రిపేర్లకి మూలం. ప్లగ్‌పాయింటులో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి చూపించండి, లేకపోతే అది వేయించేదాకా మెషిన్ వాడొద్దు. తర్వాత బట్టలు లేకుండా నీళ్ళు నింపి ఐదు నిమిషాలు తిప్పండి. ఆ తర్వాత రెండు తడి తువ్వాళ్ళు డ్రయ్యర్‌లో వేసి తిప్పండి, అది పూర్తి వేగం అందుకునేదాకా పక్కనే నిలబడి వినండి. మెషిన్ కింద పాత న్యూస్‌పేపరు పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి కాగితం డ్రయ్యర్ కింద తడిస్తే బెలో, టబ్బు కింద తడిస్తే పల్సేటర్ కిందున్న గేర్‌బాక్సు సీలు, వెనక మూల తడిస్తే పైపు క్లిప్పు.